చింతపండుతో తోమిన పతకం

ఆస్ట్రేలియాలో, వెర్రిబీలోని ఆ ఇంటికి పాత పతకాలు పట్టుకుని వచ్చే ప్రతివారికీ చలపతి మొట్టమొదట చెప్పే మాట ఒక్కటే: "కడగకండి." తాతగారి పెట్టెలో దొరికినదైనా సరే, ఆదివారపు సంతలో కొన్నదైనా సరే, దాని మీది దుమ్మును నోటితో ఊదడానికి కూడా ఆయన ఒప్పుకోడు. నలుపు మురికి కాకపోవచ్చు, తుప్పు సాక్ష్యం కావచ్చు అంటాడు. వచ్చినవారు తల ఊపి, ఇంత పట్టుదల ఎందుకో అనుకుంటూ వెళ్లిపోతారు. ఆ సూత్రం ఆయన ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు.

పక్కనున్న ట్రుగనీనాలో టైర్ల గోదాముకు సూపర్‌వైజరుగా పనిచేసే నిడదవోలు మనిషికి జర్మన్ సైనిక పతకాలతో ఏమి సంబంధమని అడిగితే, పద్దెనిమిదేళ్లు వెనక్కి వెళ్లవలసి ఉంటుంది.

అప్పటికి చలపతి పాతికేళ్లు నిండని విద్యార్థి. హిల్డా అనే డెబ్బై ఏళ్ల జర్మన్ ఆవిడ ఇంట్లో వెనకగది అద్దెకు తీసుకున్నాడు. భర్త పోయాడు, ఒక్కగానొక్క కూతురు హెలెన్ జీలాంగ్‌లో కాపురముంటోంది. మొదటిరోజే అతను అలవాటుకొద్దీ "ఆంటీ" అని పిలిస్తే ఆవిడ కళ్లజోడు మీదుగా చూసి, "నేను నీకు ఆంటీని ఎలా అవుతాను?" అని నిలదీసింది. "మా వైపు పెద్దవాళ్లను పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ ఫోన్లోంచి చెయ్యి చాపి కొడుతుందండి" అన్నాడు చలపతి. ఆవిడ నవ్వింది. ఆనాటి నుంచి ఆవిడ హిల్డా ఆంటీ అయింది. ఆవిడ నోట అతని పేరు చల్లీ అయింది.

వంటింటి గోడ మీద ఒక ఫొటో ఉండేది. తెల్లని ఏప్రన్ కట్టుకుని, రొట్టెల బుట్ట పట్టుకుని నిలబడిన మనిషి. ఆవిడ తండ్రి ఎర్న్‌స్ట్. హిల్డాకు నాలుగేళ్లప్పుడు ఆయనను యుద్ధానికి, రష్యా వైపు తీసుకుపోయారు. కొన్ని నెలలకే కాలి వేళ్లు పోగొట్టుకుని తిరిగొచ్చాడట. ఆ తరువాత యుద్ధం ముగిసేదాకా సొంత ఊళ్లోనే సైన్యం వారి రొట్టెల బట్టీలో పనిచేశాడట. మరి కొన్నేళ్లకు కుటుంబంతో సహా ఓడెక్కి ఆస్ట్రేలియా చేరాడు. ఆ తూర్పు రణరంగంలో జర్మన్ సైన్యాలు చేసిన ఘోరాలు బడి పుస్తకాలలో చదివిన నాడు, పద్దెనిమిదేళ్ల హిల్డా తండ్రి ఎదుట నిలబడి, "నువ్వు కూడానా?" అని అడిగిందట. "ఒక్క గాయం, మూడు వేళ్లు. ఆ తరువాత పిండి ముద్ద తప్ప నేనేమీ చూడలేదు" అన్నాడట ఆయన. ఆ ఒక్క మాట మీద ఆవిడ యాభై ఏళ్లు నిశ్చింతగా బతికింది. ఇదంతా ఆవిడ చలపతికి బంగాళాదుంపలు తొక్కతీస్తూ చెప్పింది.

ఆ సంవత్సరం దీపావళికి నాలుగు రోజుల ముందు ఆవిడ గ్యారేజీని ఖాళీ చేయమని పురమాయించింది. విరిగిన కుర్చీల వెనక, ఆవిడ తల్లి పోయిన నాటి నుంచి ఎవరూ తెరవని బిస్కెట్ల డబ్బా ఒకటి దొరికింది. అందులో గుండీలు, సూదులు, దారపు ఉండలు. అడుగున కోడిగుడ్డు ఆకారంలో నల్లటి బిళ్ల. చుట్టూ ఆకుల దండ, నడుమ రెండు కత్తులు, వాటి మీద ఇనుప టోపీ, టోపీ మీద హిట్లర్ కాలపు స్వస్తిక. ఆ గుర్తు చూసి చలపతి కొంచెం ఉలిక్కిపడ్డాడు. కానీ ఒక అంచున నలుపు అరిగి, లోపలి నుంచి పసుపుపచ్చని మెరుపు తొంగిచూస్తోంది. ఎవరి గుర్తు ఉంటేనేం, ఇత్తడి ఇత్తడే.

పండుగ ముందు ఇంట్లో ఇత్తడి నల్లగా ఉండకూడదన్నది అతను తల్లి దగ్గర నేర్చుకున్న మర్యాద. గదిలో అమ్మ పంపిన కుంది ఒకటి ఉంది. ఆ కుందిని, ఈ బిళ్లను కలిపి చింతపండు పులుసులో ఉప్పు వేసి నానబెట్టాడు. తెల్లవారాక స్టీలు పీచుతో తోమాడు. ఆకుల మధ్య, కత్తుల పిడుల సందున ఇరుక్కున్న నలుపును పాత పళ్ల బ్రష్షుతో మూలమూలలా గీకి తీశాడు. కుంది నుంచి ఎప్పటిలా పచ్చటి చిలుము దిగింది. బిళ్ల నుంచి మాత్రం కాటుకలా నల్లని నీళ్లు, వాటిలో సన్నని పొరలు. ఒక్క క్షణం వింతగా తోచింది. పాత వస్తువు కదా అని సరిపెట్టుకున్నాడు. రెండూ మేలిమి బంగారంలా వచ్చాయి.

ఆ బిళ్లను తెల్లని రుమాలు మీద పెట్టి, వంటింటి బల్ల మీద ఉంచాడు. హిల్డా వచ్చి చూసింది. వంగి, ముట్టుకోకుండా చూసింది.

"ఇదెక్కడిది?"

"మీ అమ్మగారి డబ్బాలోది ఆంటీ. కాస్త మురికిగా ఉంటే కడిగాను. హ్యాపీ దీపావళి!"

"థాంక్యూ" అంది ఆవిడ. రుమాలును నాలుగు మడతలూ మడిచి, బిళ్లను అందులోనే పెట్టి తీసుకుపోయింది.

మూడు వారాల తరువాత బల్ల మీద గ్రంథాలయం నుంచి తెచ్చిన లావుపాటి పుస్తకం తెరిచి ఉంది. చలపతి గిన్నెలు కడుగుతుంటే ఆవిడ చదివి వినిపించింది. అది గాయపడిన సైనికులకిచ్చే పతకం. ఒకటి రెండు గాయాలైతే నలుపు రంగుది. మూడు నాలుగైతే వెండి రంగుది. అయిదు, అంతకు మించితే బంగారు రంగుది.

"అయిదు గాయాలంటే, నయమైన ప్రతిసారీ మళ్లీ అక్కడికే వెళ్లాడన్న మాట" అంది హిల్డా. గొంతులో ఏ మార్పూ లేదు. "ఒక్క గాయమన్నాడు. పిండి తప్ప ఏమీ చూడలేదన్నాడు. నా ముఖంలోకి చూసి అబద్ధం చెప్పాడు. అక్కడ ఏం చేశాడో మరి, అన్నేళ్లు దాచిపెట్టాడు."

చలపతి చేతులు నీళ్లలోనే ఆగాయి. ఆ కాటుక నీళ్లు కళ్ల ముందు మెదిలాయి. ఏదో అనాలనిపించింది. కానీ పుస్తకం ఆవిడ చేతిలో ఉంది, చదువుకున్న మనిషి, తండ్రి ఆవిడ తండ్రి. పైగా తను అద్దెకున్నవాడు. పళ్లేన్ని మరోసారి కడిగి, తుడిచి, పక్కన పెట్టాడు. మరునాటికి గోడ మీది ఫొటో లేదు. మేకు మాత్రం మిగిలింది.

తరువాత ఆరేళ్లలో చలపతి చదువు ముగించాడు, ఉద్యోగం సంపాదించాడు, కాకినాడ అమ్మాయి వసుంధరను పెళ్లి చేసుకున్నాడు, హిల్డా వీధికి రెండు వీధుల అవతలే ఇల్లు కొన్నాడు. ప్రతి ఆదివారం వెళ్లి ఆవిడ పెరటి గడ్డి కోసేవాడు, చెత్తడబ్బాలు బయట పెట్టేవాడు. ఆ ఆదివారాలలోనే ఒకనాడు, దారిలో సైనిక వస్తువుల ప్రదర్శన అని బోర్డు చూసి, ఊరికే లోపలికి వెళ్లాడు. ఒక ముసలి వ్యాపారి బల్ల మీద, గాజుపలక కింద, మూడు బిళ్లలు వరుసగా ఉన్నాయి. నలుపు, వెండి, బంగారం.

నల్లదాని అంచున రంగు అరిగి, లోపలి ఇత్తడి కనిపిస్తోంది.

"దీని మీద నలుపు చిలుమా?" అని అడిగాడు చలపతి.

"చిలుమేమిటయ్యా! రంగు. ఫ్యాక్టరీలో వేసిందే" అన్నాడు వ్యాపారి. "మొదట్లో ఇత్తడి రేకు మీద వేసేవారు, తరువాత ఇనుము మీద. ఆ రంగే దాని హోదా. కొందరు మహానుభావులు తోమి బంగారంలా మెరిపించి పట్టుకొస్తారు. అలాంటివాళ్ల చేతులు విరగ్గొట్టాలి."

చలపతి ఆ నల్లదాన్ని కొని బయటికి వచ్చాడు. ఆ రోజు గడ్డి కోయడానికి వెళ్లలేదు.

వెంటనే వెళ్లి చెప్పవలసిందన్న సంగతి అతనికి తెలియక కాదు. కానీ ఒక్క బిళ్ల చూసి ఎలా చెప్పడం? నిజంగా నల్లదేనని తేల్చుకున్నాకే చెబుదామనుకున్నాడు. ఏదో వంకతో హిల్డా దగ్గరున్నదాన్ని చేతిలోకి తీసుకుని భూతద్దం కింద చూశాడు. నలుపు నలుసంతైనా లేదు. పళ్ల బ్రష్షు దాని పని అది చక్కగా చేసింది. అయితే వెనకవైపు బోలుగా, పలచని రేకులా ఉంది. వెండివి, బంగారువి ఎక్కువగా దిట్టంగా ఉంటాయని చదివాడు. ఎక్కువగా అంటే ఎంత? అది తేల్చడానికి మరి నాలుగు కొన్నాడు. తయారీదారుల అంకెలు నేర్చుకున్నాడు. యుద్ధం తరువాత పశ్చిమ జర్మనీ ప్రభుత్వం స్వస్తిక తీసివేసి మళ్లీ చేయించిన పతకాలను గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని జర్మన్ ప్రదానపత్రాలు చదవడం నేర్చుకున్నాడు. ఒక్కొక్క పతకానికీ ఒక్కొక్క అట్టముక్క, దాని మీద గుండ్రని అక్షరాలతో దాని చరిత్ర. శిలువలు, శీతాకాలపు పతకాలు, గాయాల పతకాలు. అవి పొందినవారిని అతను మెచ్చుకోలేదు, వెనకేసుకురాలేదు. అడిగినవారికి ఆ యుద్ధంలో ఏమి జరిగిందో ఏదీ మినహాయించకుండా చెప్పేవాడు. అలా అలా అతను నకిలీలను ఇట్టే పట్టేవాడని పేరుపడ్డాడు.

వసుంధరకు ఆ పతకాల అల్మరా చూస్తే ఒళ్లుమంట.

"ఏవండీ, మా పిన్నిగారు వీడియో కాల్‌లో చూసి, అబ్బాయి ఏ పార్టీలో చేరాడే అని అడిగారు. ఏం చెప్పమంటారు?"

"హిస్టరీ అని చెప్పు."

"హిస్టరీ అయితే కాకతీయుల నాణేలు దొరకలేదా మీకు? శ్రావ్య వాళ్ల ఫ్రెండ్సును ఇంటికి తీసుకురానంటోంది తెలుసా!"

"ఇట్స్ సో క్రీపీ, డాడ్" అంది గదిలోంచి కూతురు శ్రావ్య.

అసలు సంగతి భార్యకు చెప్పడానికే అతనికి అయిదేళ్లు పట్టింది. ఆవిడ అంతా విని, చేతిలోని గరిటె పక్కన పెట్టింది.

"దీనికి ఇన్ని బిళ్లలెందుకండీ? రెండు వీధులు నడిస్తే సరిపోయేదిగా!"

"రుజువు లేకుండా ఎలా చెప్పను వసూ?"

"రుజువు ఆవిడ అడిగిందా, మీరు అడుగుతున్నారా?"

చలపతి సొరుగు వైపు చూశాడు. జర్మనీలో సైనికుల రికార్డులు భద్రపరిచే కార్యాలయం ఒకటుందని, అడిగితే ఒక్కొక్క సైనికుని వివరాలు పంపుతారని కూడా అతను అప్పటికే తెలుసుకున్నాడు. ఫారం తెప్పించి సొరుగులో పెట్టాడు. దాని మీద రక్తసంబంధీకుల సంతకం కావాలి. సంతకం అడగాలంటే ఎందుకో చెప్పాలి. ఫారం సొరుగులోనే ఉండిపోయింది. కొత్త చట్టం వచ్చి, ఆ స్వస్తిక గుర్తున్న వస్తువుల వ్యాపారాన్నీ బహిరంగ ప్రదర్శననూ నిషేధించినప్పుడు, సంతల్లో ఆ బల్లలు మాయమయ్యాయి. ఇక కొనడానికి ఏమీ లేదు. అప్పుడు గాని, తనకు కొనడమొక్కటే పనిగా ఉండేదని అతనికి అర్థం కాలేదు.

అదే సంవత్సరం హిల్డా తుంటి విరిగి వృద్ధుల సంరక్షణ గృహంలో చేరింది. ఎనభై ఏడేళ్లు. మతి చెదరలేదు, కానీ మనిషి సగమైంది. ఒక ఆదివారం చలపతి ఫారం జేబులో పెట్టుకుని, నల్ల పతకం రుమాల్లో చుట్టుకుని వెళ్లాడు. కుర్చీ దగ్గరకు జరుపుకుని, ఇంగ్లీషులో దారి పొడుగునా వల్లెవేసిన వాక్యాలన్నీ మరిచిపోయి, సూటిగా అన్నాడు.

"ఆంటీ, మీ నాన్నగారి పతకం బంగారు రంగుది కాదు. నల్లది. నేను తోమేశాను."

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "ఎప్పుడు?"

"బల్ల మీద పెట్టానే, ఆ రోజు పొద్దున్న. అంతకుముందు రాత్రంతా చింతపండులో నానబెట్టాను. నలుపంటే మురికి అనుకున్నాను. మా ఇళ్లలో ఇత్తడిని అలాగే తోముతారు."

"అది రంగని నీకెప్పుడు తెలిసింది?"

"పదకొండేళ్లయింది."

హిల్డా మెల్లగా నవ్వింది. ఆ నవ్వులో కోపం లేకపోవడమే చలపతికి భయం కలిగించింది.

"పదకొండేళ్లు! వారం వారం వచ్చి నా గడ్డి కోశావు. నా గట్టర్లు శుభ్రం చేశావు. హెలెన్ కంటే నిన్నే ఎక్కువసార్లు చూశాను. అన్ని ఆదివారాల్లో ఈ ఒక్క మాట చెప్పడానికి నీకు తీరిక దొరకలేదంటే నన్ను నమ్మమంటావా? లేదు చల్లీ. ఇది నువ్వు ఈ మధ్య అల్లిన కథ. ముసలిది పోయేలోగా తండ్రితో రాజీ చేసి పంపుదామని."

"లేదు ఆంటీ, నిజం! దేవుడి మీద ఒట్టు. చూడండి, ఇది నల్లది, దీని వెనక బోలుగా ఉంది. మీది కూడా బోలే. బంగారువి ఎక్కువగా దిట్టంగా ఉంటాయి."

"ఎక్కువగానా, అన్నీనా?"

అబద్ధమాడడానికి అంతకన్న మంచి సమయం అతని జీవితంలో మళ్లీ రాదు. కానీ పదకొండేళ్లు అట్టముక్కల మీద చరిత్ర రాసిన చెయ్యి అది.

"అన్నీ అని చెప్పలేను ఆంటీ."

"చూశావా!" అంది హిల్డా, పాఠం అప్పగించిన పిల్లవాణ్ణి మెచ్చుకున్నట్టు. "మరి నువ్వు తోమేసింది బంగారు పూత కాదని ఎలా చెప్పగలవు?"

"నీళ్లు నల్లగా దిగాయి. నేను చూశాను."

"అది చూసినవాడివి నువ్వొక్కడివే." ఆవిడ అతని చేతి మీద చెయ్యి వేసింది. "నువ్వు మంచివాడివి. నీతో వచ్చిన చిక్కే అది. ఆ రోజు పుస్తకం చదువుతున్నప్పుడు ఈ మాట చెప్పి ఉంటే, మారు మాట్లాడకుండా నమ్మేదాన్ని. అప్పటికి నువ్వు నాకు ఇంత మంచివాడివి కాదుగా."

చలపతి ఫారం తీసి దుప్పటి మీద పరిచాడు. ఆవిడ చదవకుండానే సంతకం పెట్టింది. "నీ తృప్తి కోసం" అంది. ఉత్తరం తన చిరునామాకు వచ్చేలా చలపతి రాసుకున్నాడు. జవాబుకు ఏడాది దాకా పట్టవచ్చని అందులోనే ఉంది. ఏడాది అన్న మాటను వేలితో మూసి, ఫారం మడిచాడు.

హిల్డా ఆ డిసెంబరులో పోయింది. అక్కడ అది ఎండాకాలం, ఊరంతా క్రిస్మస్ సెలవుల్లో ఉంది. అంత్యక్రియలకు పట్టుమని పదిమంది లేరు. ప్రార్థనామందిరం గుమ్మంలో పెద్దావిడ జీవితపు ఫొటోలు పెట్టారు. వాటిలో ఏప్రన్ కట్టుకున్న మనిషి లేడు.

ఫిబ్రవరిలో కవరు వచ్చింది. చలపతి దాన్ని విప్పి, ఒక్కసారి చదివి, కారు తీసి జీలాంగ్ వెళ్లాడు. హెలెన్ వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. గ్యారేజీ నుంచి మొదలుపెట్టి అన్నీ వరుసగా చెప్పాడు. ఎక్కడా తనను కాపాడుకునే ప్రయత్నం చేయలేదు. తరువాత ఉత్తరం తీసి, ఒక్కొక్క వాక్యాన్నీ ఇంగ్లీషులోకి తిప్పుతూ చదివాడు. 1941 అక్టోబరులో ఫిరంగి గుండు ముక్క తగిలి ఎడమ కాలి మూడు వేళ్లు తొలగించారు. గాయపడినవారి పతకం, నలుపు, ఆసుపత్రిలోనే ఇచ్చారు. యుద్ధానికి పనికిరాడని నిర్ణయించి స్వస్థలంలోని రొట్టెల బట్టీకి బదిలీ చేశారు. యుద్ధం ముగిసేవరకు అక్కడే. ఇతర గాయాలు లేవు.

హెలెన్ కిటికీలోంచి బయటికి చూసింది.

"అమ్మ ఆ ఫొటో ఎందుకు తీసేసిందో నాకు చెప్పనేలేదు. ఒకసారి అడిగితే, ఆయన ఎవరో నాకు తెలియదు అంది. నేను మతిమరుపు మొదలైందేమో అనుకున్నాను." ఆమె అతని వైపు తిరిగింది. "ఈ సంతకం కోసం అమ్మను ఏ ఆదివారం అడిగినా పెట్టేది కదా?"

"పెట్టేవారు."

"ఈ ఉత్తరం పదేళ్ల కిందటే వచ్చి ఉండేది."

"వచ్చి ఉండేది."

"మరి?"

చలపతికి పతకాలు వెతుకుతున్నానని చెప్పడానికి నోరు రాలేదు. బల్ల చెక్క మీది గీతలనే చూస్తూ కూర్చున్నాడు. హెలెన్ అరవలేదు, వెళ్లిపొమ్మనలేదు. అలా అని ఊరడించనూ లేదు. లేచి టీ పెట్టింది. కప్పు అతని ముందు కొంచెం గట్టిగానే పెట్టింది.

"మళ్లీ చదవండి" అంది. "మొదటి నుంచి. ఒక్క మాట కూడా వదలకుండా."

చలపతి కాగితాన్ని సాపు చేసుకున్నాడు. ఇందాక చదివినప్పుడు పై వరుస వదిలేశాడు. ఈసారి అక్కడి నుంచే మొదలుపెట్టాడు. "గౌరవనీయురాలైన శ్రీమతి హిల్డా గారికి," అని చదివి, వేలు ఆ పేరు మీదే ఉంచి, తరువాతి వాక్యానికి వెళ్లాడు.